"నిర్ధారణ కాలేదు" అని రాసిన వైద్యుడు



1961 జనవరిలో టోక్యోలోని రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో నాలుగేళ్ల బాబు చేరాడు. జ్వరం దిగడం లేదు. కళ్లు ఎర్రబారాయి, పుసి మాత్రం లేదు. పెదవులు పగిలి నెత్తురోడుతున్నాయి. ఒళ్లంతా దద్దు, మెడలో బిళ్ల, అరచేతుల్లో, అరికాళ్లలో వాపు. పిల్లల వైద్యుడు తొమిసాకు కవసాకి తనకు తెలిసిన జబ్బులన్నిటితో పోల్చి చూశారు. ఏదీ సరిపోలేదు. బాబు కోలుకుని ఇంటికి వెళ్లేటప్పుడు కేస్ షీట్‌లో రోగ నిర్ధారణ కాలేదనే రాశారు.

ఏదో ఒక పేరు రాసి ఫైలు మూసేయడం ఆయనకు తేలికే. అలా చేసి ఉంటే మరుసటి ఏడాది అవే లక్షణాలతో ఇంకో బిడ్డ వచ్చినప్పుడు పాత బాబు గుర్తుకు వచ్చేవాడు కాడు. 1962లో ఏడుగురు పిల్లల వివరాలు వైద్యుల ముందు పెడితే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆయన మానలేదు. 1967లో 50 మంది పిల్లల కథను జపనీస్ పత్రికలో ప్రచురించారు. అది ఇంగ్లిష్‌లోకి రావడానికి 1974 దాకా పట్టింది.

అంతటి పరిశీలకుడికీ ఒక విషయం అందలేదు. ఈ జబ్బు దానంతట అదే తగ్గిపోతుందని, వెనక ఏమీ మిగల్చదని ఆయన మొదట భావించారు. 1970లో జపాన్ దేశమంతటా సర్వే చేసినప్పుడు, కోలుకుంటున్నారనుకున్న పిల్లల్లో కొందరు హఠాత్తుగా గుండె ఆగి చనిపోయినట్టు శవపరీక్షల్లో బయటపడింది. రోగనిరోధక వ్యవస్థ సొంత రక్తనాళాల గోడల మీదే విరుచుకుపడుతుంది. గుండెకు రక్తమిచ్చే కరోనరీ ధమని గోడ బలహీనపడి ఉబ్బుతుంది, అందులో రక్తం గడ్డకడుతుంది. ఒక ఆసుపత్రిలో ఒక వైద్యుడికి కనబడనిది, దేశం నలుమూలల కేస్ షీట్లు ఒకచోట చేరాక కనబడింది. అరుదైన జబ్బుల మీద క్లినికల్ పరిశోధనకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

చికిత్స కూడా జపాన్‌లోనే మొదలైంది. 1984లో ఫురుషో బృందం, 1986లో అమెరికాలో జేన్ న్యూబర్గర్ బృందం ఇమ్యునోగ్లోబ్యులిన్ పనిచేస్తుందని చూపించాయి. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసే ఈ మందును మొదటి పది రోజుల్లో ఎక్కిస్తే, నూటికి పాతిక మందిలో రావలసిన ధమని ఉబ్బు ఐదుగురికి అటూఇటూగా తగ్గుతుంది. జబ్బుకు మూలకారణం ఇప్పటికీ తేలలేదు. ఖరారు చేసే రక్తపరీక్షా లేదు. వైద్యుడి కళ్లే ఆధారం.

2020 వసంతంలో లండన్ వైద్యులు కోవిడ్ తర్వాత షాక్‌లోకి జారుతున్న పిల్లలను చూసి వెంటనే ఆయన పేరుతోనే పిలిచే కవసాకి వ్యాధితో పోల్చగలిగారంటే, ఆ పాత వర్ణన చేతిలో ఉండబట్టే. ఆ జూన్‌లోనే కవసాకి 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

అదే ఏడాది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో డేవిడ్ బెక్, డేనియల్ కాస్ట్‌నర్ బృందం ఎదురుదారిలో నడిచింది. అంతుపట్టని జ్వరాలు, వాపులు ఉన్న 2,500 మందికి పైగా రోగుల జన్యు సమాచారాన్ని, లక్షణాలతో నిమిత్తం లేకుండా వెతికితే, ముగ్గురు పురుషుల్లో యూబీఏ1 అనే జన్యువులో మార్పు కనబడింది. లెక్క 25 మందికి చేరింది. వెక్సాస్ అని పేరుపెట్టిన ఈ జబ్బు తల్లిదండ్రుల నుంచి రాదు. నడివయసు దాటాక ఎముక మజ్జలో పుడుతుంది. అంతవరకూ చెవి మృదులాస్థి వాచిందని ఒకరు, చర్మవ్యాధి అని ఒకరు, రక్తహీనత అని మరొకరు, ఇలా ఒకే మనిషికి మూడు ఓపీల్లో మూడు పేర్లు రాశారు. దారి వేరైనా ముడిసరుకు కవసాకిదే: నిర్ధారణ కాలేదని నిజాయితీగా రాసి దాచిన ఫైళ్లు.

ఇక కవసాకి వ్యాధి విషయంలో మన సంగతి. జ్వరం, దద్దు కనబడితే తట్టు అంటాం, లేదా మందు పడలేదంటాం. యాంటీబయాటిక్ మారుస్తూ ఉండగానే పది రోజులు గడిచిపోతాయి. వేళ్ల కొసల తోలు ఊడేసరికి జ్వరం దిగి తల్లి ఊపిరి పీల్చుకుంటుంది. ధమని ఉబ్బేది సరిగ్గా ఆ రోజుల్లోనే. మన పిల్లలకు పుట్టగానే బీసీజీ వేస్తాం గనుక, ఈ జబ్బు గుర్తుగా ఆ మచ్చ ఎర్రబడి గట్టిపడిందేమో చూడటానికి పైసా ఖర్చు లేదు. చండీగఢ్ పీజీఐలో సుర్జీత్ సింగ్ బృందం ఈ జబ్బు భారతదేశంలోనూ ఉందని ఏళ్ల తరబడి చూపించింది. తెలుగు జిల్లాల్లో మాత్రం అది ఇంకా చాలామంది తలపుకే రాదు.

అందుకని ఈ సభ ముందు రెండు కోరికలు. ఐదు రోజులు దాటిన జ్వరంతో వచ్చి, పేరు తేలకుండానే ఇంటికి వెళ్లిన ప్రతి బిడ్డ వివరాన్ని జిల్లా ఆసుపత్రులు ఒకే నమూనాలో నమోదు చేసి, ఆరు వారాల దాకా ఎకో పరీక్షలకు పిలవాలి. పెద్దల గుండె వైద్యులు, షుగరూ బీపీ పొగతాగే అలవాటూ లేకుండా ముప్పై ఏళ్లకే గుండెపోటుతో వచ్చిన మనిషి తల్లిని ఒక్క మాట అడగాలి: చిన్నప్పుడు రోజుల తరబడి జ్వరం వచ్చి, తగ్గాక వేళ్ల తోలు ఊడిందా అని.