సంతకం పెట్టే ముందు



కొడుకు మిలిటరీకి పోతానంటే తల్లి కడుపులో దడ పుడుతుంది. ఒకపక్క గర్వంగానూ ఉంటుంది. రెండూ సహజమే. భయపడి వద్దనకూడదు. గర్వపడి వెంటనే సరే అనకూడదు. సంగతి తెలుసుకోవాలి.

పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరం అనే ఊరుంది. దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆ ఊరి వాళ్లు పనిచేశారు. అక్కడ తాత, తండ్రి, మనవడు వరసగా సైన్యంలో చేరిన ఇళ్లున్నాయి. అలాంటి ఇంట్లో చెప్పేవాళ్లుంటారు. మన ఇంట్లో ఎవరు చెబుతారు?

సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక హవల్దారు అనుభవం వినండి. చేరేనాటికి ఆయనకు శాఖల సంగతే తెలియదు. స్నేహితులు వెళ్తుంటే వెంట వెళ్లారు. బండ్లు, ఆయుధాలు బాగుచేసే ఇ.ఎం.ఇ. దళంలో వేశారు. సికింద్రాబాదులో శిక్షణ ఇచ్చారు. తుపాకీ పట్టాలని వస్తే పానా చేతికిచ్చారేమిటని మొదట నామోషీ పడ్డారు. కొండదారిలో లారీ ఆగిపోతే పైనున్న జవాన్లకు తిండి అందదు, గుళ్లూ అందవు. అది కళ్లారా చూశాక ఏ పనీ చిన్నది కాదని తెలిసిందంటారు. పింఛను మీద వచ్చాక ఊళ్లో ట్రాక్టర్ల షెడ్డు పెట్టుకున్నారు. నేర్చిన పని ఇంటికి కూడా వచ్చింది.

సైన్యంలో చాలా శాఖలున్నాయి. పదాతి దళం ముందుండి పోరాడుతుంది. ఫిరంగి దళం ఉంది. సిగ్నల్స్ వాళ్లు కబుర్లు అందిస్తారు. వైద్య దళం గాయాలకు కట్టు కడుతుంది. ఇవికాక నేవీ, ఎయిర్ ఫోర్సు వేరే ఉన్నాయి. దరఖాస్తులో ఏ రకం పనికో మనమే రాయాలి. ఏ దళానికి పంపాలో సైన్యం చూసుకుంటుంది. అందుకే పిల్లవాడి చదువు, ఇష్టం, ఒంటి బలం ముందే చూడాలి.

ఆ హవల్దారు కాలానికీ ఇప్పటికీ తేడా ఉంది. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చింది. జవానుగా చేరితే నాలుగేళ్లే. నూటికి 25 మంది వరకే ఆ తర్వాత ఉంచుకుంటారు. మిగతావాళ్లకు పింఛను లేదు. సేవానిధి అని సుమారు 11.71 లక్షల రూపాయలు ఇస్తామని అప్పుడు ప్రకటించారు. నాలుగేళ్ల తర్వాత ఏ పని చేస్తాడు? ఈ ప్రశ్న చేరకముందే వేసుకోవాలి.

ఆడపిల్లలకూ దారి తెరుచుకుంది. డాక్టర్లు, నర్సులే కాక ఇతర శాఖల్లోనూ ఆడవాళ్లను ఆఫీసర్లుగా తీసుకోవడం 1992లో మొదలైంది. మిలిటరీ పోలీసులో మహిళా జవాన్ల మొదటి జట్టు 2021లో శిక్షణ ముగించింది. 2025 మే నెలలో 17 మంది అమ్మాయిలు నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి బయటికి వచ్చారు.

దళారి ఎవరైనా వచ్చి, డబ్బిస్తే ఉద్యోగం ఇప్పిస్తానంటే నమ్మకండి. పరీక్ష రాయాలి, పరుగు తీయాలి, డాక్టరు పరీక్షలో నెగ్గాలి. అప్పు చేసి దళారికిస్తే అప్పే మిగులుతుంది.

ఇంకొక్క మాట. పదిహేడున్నర ఏళ్లకే చేరవచ్చు. పద్దెనిమిది నిండకపోతే కాగితం మీద తల్లో తండ్రో సంతకం పెట్టాలి. ఒకప్పుడు వేలిముద్ర వేసి ఊరుకునేవాళ్లం. ఇప్పుడు మనకు చదవడం వచ్చు. కాబట్టి కాగితం చేతికి తీసుకోండి. ఎన్నేళ్లు, ఏ పని, ఎంత జీతం అన్నది కూడబలుక్కుని అయినా చదవండి. అర్థం కానిచోట అడగండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.