విద్యార్థి గ్రాంటు - అమెరికా పన్ను రాయితీ



మన పల్లెలనుండి అమెరికా పోయి స్థిరపడినవారందఱును ఐశ్వర్యవంతులే యని మన మనుకొందుము. అది సరికాదు. అంగళ్లలోను, పెట్రోలు బంకులలోను పనిచేసి సంసారము నడుపుకొనువారును కలరు. అట్టి యిండ్ల పిల్లలు కళాశాలలో చేరినపుడు అచ్చటి కేంద్ర ప్రభుత్వము పెల్ గ్రాంటు అను ధనసహాయము చేయును. రోడ్ ఐలండు సెనేటరు క్లెయిబోర్న్ పెల్ పేర వెలసిన యీ సొమ్మును తిరిగి చెల్లింప నక్కఱలేదు. 2024-25 విద్యాసంవత్సరమున దీని గరిష్ఠ పరిమితి 7,395 డాలర్లు. ఇచ్చటినుండి విద్యార్థి వీసాపై పోయినవారికి ఇది లభింపదు. కావున నేటి ప్రసంగము అచ్చటనే స్థిరపడినవారి బిడ్డలను గూర్చినది.

గ్రాంటు గాక మఱియొక సదుపాయము కలదు. 2009లో ఏర్పడిన అమెరికన్ ఆపర్చ్యూనిటీ రాయితీ యనునది ఆదాయమునుండి కాక, కట్టవలసిన పన్నునుండియే తగ్గింపబడును. ఫీజునకు, పుస్తకములకు ఖర్చయిన మొదటి 2,000 డాలర్లు పూర్తిగను, తరువాతి 2,000 డాలర్లలో నాలుగవ వంతును లెక్కింతురు. వెరసి ఏటికి 2,500 డాలర్లు. సాధారణముగా, కట్టవలసిన పన్ను లేకున్నను 1,000 డాలర్లవరకు చేతికి వచ్చును. నాలుగేండ్లు మాత్రమే పొందవచ్చును.

చిక్కెల్ల ఈ రెండును కలిసినచోటనే యున్నది. పన్ను లేని గ్రాంటుతో తీరిన ఫీజునకు మరల రాయితీ యీయరు. ఒక పిల్లవాని ఫీజు 5,000 డాలర్లు, గ్రాంటును 5,000 డాలర్లే యనుకొందము. తండ్రి కాగితము చూచి, ఫీజు తీరినది గదా యని రాయితీ నడుగక యూరకుండును. ఎందఱో యిట్లే విడిచిపెట్టుదురు.

అయితే పెల్ గ్రాంటును ఫీజునకే గాక భోజనవసతులకును వాడుకొనవచ్చును. భోజనవసతులకు వెచ్చించిన గ్రాంటు విద్యార్థి యొక్క ఆదాయమగును. పైయుదాహరణమున ఆ పిల్లవానికి తిండికి, గదికి నిజముగా 4,000 డాలర్లు ఖర్చయినచో, గ్రాంటులో అంతమట్టుకు తన యాదాయముగా చూపవచ్చును. అపుడు ఫీజులో 4,000 డాలర్లు రాయితీకి నిలుచును. వేఱు సంపాదన లేనివానికి ఆ 4,000 మీద కేంద్రపు పన్ను పడదు. తండ్రికి పన్ను తగినంత యున్నచో 2,500 డాలర్లు తగ్గును. కుమారుడు ఫోనులో ఈ యేటికి డబ్బు చాలలేదన్నపుడు, పొలము తనఖా మాట తలపెట్టకముందే ఈ సంగతి యడిగి చూడుడు.

ఇది కపటము కాదు. పన్నుశాఖవారి 970వ సంఖ్యగల పుస్తకముననే యీ మార్గము వివరింపబడినది. కళాశాలవారు గ్రాంటును ఫీజు ఖాతాకే జమకట్టినను ఈ హక్కు పోదు. ఫీజునకే వాడవలెనను నిబంధనగల వేతనములకు మాత్రము చెల్లదు. పిల్లవాడు పనిచేసి సంపాదించుచున్నచో అతనికి కొంత పన్ను పడవచ్చును. రాష్ట్రపు పన్నును వేఱుగా చూడవలెను. లాభనష్టములు రెండును లెక్కవేసిన పిదపనే నిర్ణయింపవలెను.

బిడ్డ తల్లిదండ్రుల పోషణలో నున్నచో రాయితీ వారి లెక్కలో 8863వ ఫారముపై వచ్చును. గ్రాంటు ఆదాయము బిడ్డ లెక్కలో చేరును. ఈ భేదము మఱచి అంతయు తండ్రి లెక్కలోనే వ్రాయువారు కలరు. గడచిన యేండ్లలో విడిచిన రాయితీని, లెక్క దాఖలు చేసిన మూడేండ్లలోపల 1040-ఎక్స్ ఫారముతో సాధారణముగా అడుగవచ్చును. అపుడు బిడ్డ లెక్కను సైతము సవరింపవలసియుండును.