విమాన సంఘముల విందులు, వారాంతపు యాత్రలు



విమానము నడుపుట వృత్తిగా గలవారు వేరు. వారమంతయు వేరొక పని చేసికొని, సెలవునాడు సరదాకు విమానమెక్కువారు వేరు. ఈ రెండవ తెగవారు పాశ్చాత్య దేశములందు చిరకాలమునుండి ఊరూర సంఘములుగా కూడియున్నారు. అప్పుడప్పుడు అందరును చేరి భోజనము చేయుట, వారాంతమున నాలుగైదు విమానములలో కలిసి మరొక ఊరికి పోయి వచ్చుట వారికి ముచ్చటైన కార్యములు. చూచువారికి ఇది కలవారి కాలక్షేపముగా తోచును. కొంతవరకు అది నిజమే.

అయినను ఈ సంఘములకు మొదట ప్రోత్సాహము లభించినది వేరొక ఉద్దేశముతో. 1925లో బ్రిటిష్ ప్రభుత్వము సామాన్యులకు విమానయానము నేర్పుటకై స్థానిక సంఘములకు ధనసహాయము చేయసాగెను. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే డి హావిలాండ్ మాత్ అను చిన్న విమానము తొలిసారి ఎగిరెను. దానికి రెండే ఆసనములు. రెక్కలను వెనుకకు మడిచి కొట్టములో పెట్టుకొనవచ్చును. లండన్ శివారున స్టాగ్ లేన్ మైదానమందలి సంఘములో 1928లో, న్యాయవాది కార్యాలయమున టైపు పని చేయు ఒక యువతి శిక్షణకు చేరెను. ఆమెయే ఏమీ జాన్సన్. మరుసటి సంవత్సరము లైసెన్సు పొంది, 1930 మే నెలలో ఒంటరిగా ఆస్ట్రేలియాకు ఎగిరిపోయెను. త్రోవలో ఝాన్సీయందలి కవాతు మైదానములో దిగవలసివచ్చెను. కార్యాలయజీవులకు ఈ వృత్తాంతము రుచింపక మానదు.

వారాంతపు యాత్రకు అమెరికాలో ‘నూరు డాలర్ల హాంబర్గర్’ అను వేళాకోళపు పేరు కలదు. తినునది స్వల్పము, దానికై కాల్చు పెట్రోలు ఘనము. చారాణా కోడికి బారాణా మసాలా అని హైదరాబాదువారనునది ఇదియే. అచ్చటి నిబంధన ననుసరించి ఇట్టి పైలటు ప్రయాణికులనుండి కిరాయి పుచ్చుకొనరాదు. ఖర్చులో తన వంతు తాను భరింపవలెను. బయలుదేరుటకు ముందు ఎవరి బరువెంతయో మొగమాటము లేక అడుగవలెను. నాలుగు ఆసనముల చిన్న విమానమున నలుగురు భారీ మనుష్యులు, నిండు పెట్రోలు, పెట్టెలు కలిసి ఎగురుట సాధారణముగా కుదరదు. విందులో మరియొక వడ్డన కోరువారికి ఇది ఇబ్బందికరమైన ప్రశ్నయే.

అసలు ప్రమాదము తిరుగు ప్రయాణమున పొంచియుండును. రేపు సోమవారము, కార్యాలయమునకు పోవలెను, ఎదుట మేఘము కమ్మియున్నది. 1954లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు, పరికరములనే నమ్మి నడుపుటలో అనుభవము లేని ఇరువదిమంది పైలట్లను కృత్రిమముగా మేఘములోనుంచినట్లు చేసి పరీక్షించిరి. ఇరువదిమందియు విమానముపై అదుపు కోల్పోయిరి. అందుకు పట్టిన కాలము సగటున 178 సెకండ్లు, మూడు నిమిషములైనను కాదు. క్షితిజరేఖ కనబడనప్పుడు చెవిలోని సమతూకపు యంత్రాంగము మనిషిని మోసగించును. గుంపుగా పోవునప్పుడు అపాయము మరింత హెచ్చును. ముందటివాడు మేఘముక్రింద దూరిపోగా, వెనుకవానికి మరలుట చిన్నతనముగా తోచును.

విందుబల్ల యొక్క ప్రయోజనము ఇచ్చటనే తెలియును. పాఠ్యగ్రంథము ‘మరలిపొమ్ము’ అని మాత్రమే చెప్పును. మరలినవానికి కలుగు సిగ్గును పోగొట్టునది పెద్దల మాట. విమానమును పరాయి ఊరిలో వదలి రైలెక్కి ఇల్లు చేరితినని తలనెరసిన పైలటు నిస్సంకోచముగా చెప్పగా, క్రొత్తవాడు విని గ్రహించును. సాహసగాథలకే చప్పట్లు కొట్టు సంఘము కంటె, ఆ రైలు ప్రయాణమును గౌరవించు సంఘము మేలైనది. మధుపాత్ర విషయమునను నియమము కలదు: అమెరికాలో త్రాగినపిమ్మట ఎనిమిది గంటలు, భారతదేశమున పండ్రెండు గంటలు గడువనిదే విమానము ముట్టరాదు.

భారతదేశమున 1928 ప్రాంతమునుండి ఢిల్లీ, బొంబాయి మున్నగు నగరములందు విమాన సంఘములు వెలసినవి. ఈ దేశమున ఇచ్చిన మొదటి లైసెన్సును 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటా పొందెను. భారత, ఇంగ్లండు దేశముల నడుమ ఒంటరిగా ఎగురు భారతీయునికి ఆగాఖాన్ ప్రకటించిన బహుమతికై 1930లో టాటా ఇచ్చటినుండి, ఆస్పీ ఇంజనీర్ అను యువకుడు ఇంగ్లండునుండి బయలుదేరిరి. ఈజిప్టులోని అబూకిర్ మైదానమున దిగిన టాటాకు, స్పార్కు ప్లగ్గులు లేక చిక్కుకొనియున్న ఇంజనీర్ కనబడెను. ఆయన తన వద్దనున్నవాటిని పోటీదారునకు ఇచ్చి పంపెను. కొద్ది గంటల తేడాతో బహుమతి ఇంజనీరుకే దక్కెను. ఆ యువకుడే 1960లో భారత వైమానిక దళాధిపతి అయ్యెను.