కట్టెబొగ్గు: దేశాల పద్దులు



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు అర్థశాస్త్రం చెప్పేవారు. పట్టిక చేతికిస్తే అంకెల జోలికి పోనివ్వకుండా ముందు అడుగున ఉన్న గమనికలు చదివించేవారు. ఆ అలవాటుతోనే కట్టెబొగ్గు పట్టికను ముందేసుకున్నాను.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1961 నుంచి దేశాలవారీగా ఈ లెక్కలు ఇస్తోంది. ప్రపంచంలో ఏటా తయారయ్యే కట్టెబొగ్గు ఇప్పుడు 5 కోట్ల టన్నులు దాటింది. 1960ల మొదట్లో ఉన్నదానికి ఇది దాదాపు మూడింతలు. అందులో నూటికి 60 పాళ్లకు పైగా ఆఫ్రికాది. దేశాలవారీగా చూస్తే మొదటి స్థానం బ్రెజిల్‌ది. చిక్కేమిటంటే, ఈ అంకెలన్నీ ఒకే తక్కెడలో తూచినవి కావు.

జపాన్ సంగతి తేలిక. 1940లో అక్కడ సుమారు 27 లక్షల టన్నులు తయారైంది. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు బిగించి నడిపారు. బొగ్గుకూ రేషను పెట్టారు కాబట్టి మూట మూటా లెక్కకెక్కింది. 1957లోనూ 20 లక్షల టన్నుల పైమాటే. తర్వాత కిరసనాయిలు, గ్యాసు వంటింట్లోకి వచ్చాయి. ఇప్పుడు అందులో రెండు శాతం కూడా లేదు. కీషూ కొండల బించోతాన్, తడితే ఖంగుమని మోగే గట్టి బొగ్గు, ఈల్ చేపలు కాల్చే హోటళ్ల పుణ్యమా అని బతికింది. అడవిమీద దయతో జపాన్ మానేసిందనుకోనక్కర్లేదు. గ్యాసు వచ్చింది, మానేసింది.

బ్రెజిల్ కథ వేరు. మీనాస్ జెరైస్‌లో ఇనుప ఖనిజానికి కొదవ లేదు. కొలిమికి పనికొచ్చే రాతిబొగ్గే కరువు. అందుకని అక్కడ కట్టెబొగ్గు వంటింటి సరుకు కాదు, ఫ్యాక్టరీ సరుకు. లారీ గేటు దగ్గర ఆగాలి, ఘనపు మీటర్లలో కొలవాలి, బిల్లు రాయాలి. ఆ దేశం పట్టికలో పైన ఉండటానికి వాడకంతో పాటు ఈ బిల్లు కూడా ఒక కారణమని నా అనుమానం. మొత్తం కన్నా లోపల జరిగిన మార్పు పెద్దది: 1990 ప్రాంతంలో సగానికి పైగా బొగ్గు సహజ అడవిది, ఇప్పుడు పదింట తొమ్మిది వంతులకు పైగా యూకలిప్టస్ తోటలది. 1995లో ఏర్పడిన కార్మిక శాఖ సంచార తనిఖీ బృందాలు బట్టీల దగ్గర బానిస చాకిరీ చేస్తున్నవాళ్లను విడిపించాయి. టన్నుల వరుసలో ఆ సంగతి కనపడదు.

ఇక ఆఫ్రికా. ప్రభుత్వం అంకె పంపని చోట ఆహార, వ్యవసాయ సంస్థ జనాభా, ఆదాయం వంటివి చూసి అంచనా కడుతుంది. అంటే అక్కడ పద్దులో పెరుగుతున్నది కొంతవరకు జనాభాయే! అయినా దిశ మాత్రం అబద్ధం కాదు. ప్రపంచ బ్యాంకు 2009 నివేదిక ప్రకారం టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో బొగ్గు మీద వండుకునే కుటుంబాలు 2001లో 47 శాతం, 2007కి 71 శాతం. పల్లెలో కట్టె చాలు. పట్నానికి దూరం నుంచి మోసుకు రావాలంటే బొగ్గే గిట్టుబాటు: కిలోకి కట్టె కన్నా దాదాపు రెట్టింపు వేడి, పొగ తక్కువ.

ఆ బొగ్గు చాలావరకు మట్టిబట్టీల్లోనే తయారవుతుంది. మట్టిబట్టీ కాల్చేవాడు పొగను చూసి పని నడుపుతాడు. మొదట తెల్లగా, దట్టంగా వచ్చేది కట్టెలోని తడి. అది సన్నబడి నీలంగా తిరగగానే గాలి రంధ్రాలు మట్టితో పూడ్చాలి. ఆలస్యమైతే బొగ్గు బూడిదవుతుంది. మన ప్రకాశం జిల్లాలో సర్కారు తుమ్మ బట్టీలు చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. ఇలాంటి బట్టీలో 100 కిలోల కట్టెకు 10 నుంచి 20 కిలోల బొగ్గు దిగుతుంది. మంచి ఇటుక బట్టీలో 25 నుంచి 30. కాబట్టి టన్ను బొగ్గుకు టాంజానియా మట్టిబట్టీకి పడే చెట్లూ బ్రెజిల్ ఇటుక బట్టీకి పడే చెట్లూ ఒకటి కావు. పైగా టాంజానియాలో బేరం బస్తాల్లో సాగుతుంది. మూతి మీద గోపురంలా పేర్చి తాడుతో అల్లిన బస్తాను అక్కడ లుంబేసా అంటారు. దాన్నీ మామూలు బస్తానూ ఒకటిగా లెక్కేస్తే టన్నులు ఎలా తేలతాయి?

ఎగుమతి పద్దులు మరీ అన్యాయం. సోమాలియా బొగ్గును భద్రతా మండలి 2012 ఫిబ్రవరిలో నిషేధించింది. ఆ డబ్బు అక్కడి సాయుధ ముఠా అల్ షబాబ్‌కు చేరుతోందని. ఓడలు ఆగలేదు. కొమొరోస్, ఘనా పేర్లతో దొంగ ధ్రువపత్రాలు పుట్టాయని ఐక్యరాజ్యసమితి పరిశీలకులు 2018లో నివేదించారు. రేవులో గుమాస్తా కాగితం మీది దేశాన్నే రాసుకుంటాడు. ఆ ఏళ్ల పట్టికలో కొమొరోస్ ఎదురుగా అంకె కనిపిస్తే సోమాలియా వరుస కూడా తీసి పక్కన పెట్టుకోండి.