పాత రిజిస్టర్లు – కొత్త లేఖకుడు

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)

 

డెబ్బై అయిదేళ్ళ పాఠశాలకు అసలైన ఆస్తి దాని ప్రవేశ పుస్తకాలు. జనన ధ్రువపత్రం లేని పెద్దలెందరికో పుట్టిన తేదీకి అవే ఆధారం. ఒక పుట పోతే ఒకరి సాక్ష్యం పోయినట్లే. అందుకే ఆ పుటలను ఫొటోలు తీసి కంప్యూటరులో భద్రపరచడం అవసరం. అయితే కెమెరా పెట్టే పేర్లు వట్టి వరుస సంఖ్యలు. ఏది ఏ సంవత్సరపు పుటో వాటివల్ల తెలియదు. వందలాది పేర్లను చేతితో మార్చబోతే విసుగు, ఆ విసుగులో పొరపాటు తప్పవు.

ఇక్కడే స్క్రిప్టు అక్కరకు వస్తుంది. చేయవలసిన పనిని వరుసగా వ్రాసి యంత్రానికి అప్పగించే చిన్న ఆదేశపత్రమే స్క్రిప్టు. 1991లో గీడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాన్ భాష ఇందుకు తగినది; ఉచితంగా లభిస్తుంది. ఒక్కొక్క సంవత్సరపు ఫొటోలను ఆ సంవత్సరం పేరుగల ఫోల్డరులో ఉంచితే, స్క్రిప్టు ఆ పేరును, పుట వరుసను కలిపి ‘1962-007’ అని పేరు పెట్టగలదు. ఆ సున్నాలెందుకు? పైథాన్ పేర్లను అక్షరాలుగా పోలుస్తుంది. సున్నాలు లేకపోతే 10వ పుట 2వ పుటకంటే ముందు నిలుస్తుంది.

మన పావగడ తాలూకాకు మరొక చిక్కు ఉన్నది. ఇక్కడ ఊరిపేర్లను తెలుగులోను, కన్నడంలోను వ్రాస్తాము. 1991 నాటి యూనికోడ్ తొలి కూర్పులోనే ఈ రెండు లిపులకు పక్కపక్కన చోటు దక్కింది. కాని ‘ర’ రెండింటిలో కంటికి ఒకేలా కనిపించినా కంప్యూటరుకు వేర్వేరు సంఖ్యలు. ఒక లిపిలో వెదికితే రెండవ లిపిలోని ఫైళ్ళు దొరకవు. కనుక ఫైలు పేరులో అంకెలే ఉంచి, ఊరిపేర్లను వేరొక పట్టికలో రెండు లిపులలోను వ్రాయడం మేలు.

అన్నిటికంటే ముఖ్యం జాగ్రత్త. యంత్రానికి వేగమే గాని వివేకం లేదు. రెండు ఫైళ్ళకు ఒకే పేరు వస్తే పైథాన్‌లోని రీనేమ్ ఆదేశం విండోస్‌లో తప్పు చూపి ఆగుతుంది. లినక్స్‌లో మాత్రం పాత ఫైలును చెప్పకుండా తుడిచి దాని చోట కూర్చుంటుంది. కావున మొదట వేరొక డిస్కులో నకలు తీయాలి. పిదప పాతపేరు, కొత్తపేరు జాబితాగా చూపించి చదవాలి. ఆ తరువాతే మార్పు. చివరగా పుటల లెక్క, ఫైళ్ళ లెక్క సరిచూడాలి. కాగితపు పుస్తకాన్ని మాత్రం పారవేయరాదు, అసలు అదే.

విద్యార్థులారా! ఈ పని నేర్చుకొని చేయవలసినది మీరే. ఈ పాఠశాల శతజయంతికి వచ్చే మనుమడు తన అవ్వ పేరు వెదికితే అది దొరకాలి. సెలవు.