మగపిల్లల ఆట మనకు కొత్త కాదు



అమీర్‌పేటకు కోచింగ్ కోసం వచ్చిన మన అబ్బాయిలు కొందరు సాయంత్రం పంజాగుట్ట వైపు డాన్స్ క్లాసులకూ వెళ్తున్నారు. "మగపిల్లాడికి డాన్సేంటి?" అని ఇంటివాళ్లు అడిగితే హాస్టల్లో మేము చెప్పే జవాబు ఒకటే: గుస్సాడీ ఆడేది మగవాళ్లే కదా! దీపావళి రోజుల్లో, దండారిలో, నెమలి పింఛాల టోపీ పెట్టి, గజ్జెలు కట్టి ఊరూరా ఆడతారు. ఆ ఆటకే మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన మనల్ని విడిచి వెళ్లారు. ఆ అడుగులు పుస్తకం చదివితే రావు, పెద్దల పక్కన నిలబడి ఆడితేనే వస్తాయి.

అందుకే క్లాసు మానమని మేము చెప్పం. దండారికి ఊరెళ్లి అదీ నేర్చుకోమంటాం. పెద్దలారా, వచ్చిన పిల్లల్ని మీ వరుసలో నిలబెట్టుకోండి.

జై ఆదివాసీ!