బాలుర కడుపునొప్పియు తల్లిదండ్రుల కర్తవ్యమును
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



మన మహాసభలలో విద్యార్థివేతనములను గూర్చి ముచ్చటించుట పరిపాటి. ఆ వేతన మందుకొను బాలుడు కడుపునొప్పిచే నెలకు నాలుగు దినములు బడి మానుచుండెనేని మన దాతృత్వ మెట్లు ఫలించును? ఉపాధ్యాయవృత్తిలో నే నిట్టి బాలుర ననేకులను జూచితిని. కొందరు తండ్రులు దానిని బడి యెగవేయు సాకని దండింతురు. కొందరు తల్లులు దిష్టి తీసి, పథ్యము పెట్టి, ప్రక్కనే కూర్చుండి గడియగడియకు "తగ్గినదా నాయనా?" యని యడుగుదురు. ఈ రెండును మేలు చేయవు.

1958లో ఇంగ్లండునందలి బ్రిస్టల్ నగరమున జాన్ ఆప్లీ, నోరా నైష్ అను వైద్యులు 1,000 మంది బడిపిల్లలను గూర్చిన పరిశోధనను ప్రకటించిరి. పదిమందిలో నొక్కరికి మాటిమాటికి కడుపునొప్పి కలదని తేలినది. వారిలో అత్యధికులకు దేహమున రోగమేదియు కానరాలేదు. అంతమాత్రముచే నొప్పి అబద్ధము గాదు. ప్రేవులయందు పదికోట్లకు మించిన నాడీకణములు గలవు. అవి మెదడుతో నిరంతర సంబంధము గలవి. కనుకనే దిగులు ప్రేవులను కలచును. ప్రేవుల స్వల్పచలనము మెదడునకు పెద్దనొప్పిగా తోచును.

ఈ విషయమున కుటుంబములకు తోడ్పడినవారిలో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమునకు చెందిన మనస్తత్త్వశాస్త్రజ్ఞురాలు లిన్ వాకర్ గారు ముఖ్యులు. నొప్పి యెంత యనుటతో తృప్తిపడక, దానివలన బిడ్డ యే పనులు చేయలేకున్నదో యెరుగుటకై 1991లో గ్రీన్ అను సహచరునితో గూడి 15 అంశముల పట్టికను ప్రకటించిరి. నడక, నిద్ర, భోజనము, బడి మున్నగున వందు గలవు.

పిమ్మట 2006లో మరియొక పరిశోధనను వెలువరించిరి. పిల్లలచే కడుపునిండ నీరు త్రాగించిరి. తల్లిదండ్రులలో కొందరిని ఆ బాధనుగూర్చియే విచారింపుమనియు, కొందరిని వేరు మాటలతో మనసు మరలింపుమనియు కోరిరి. కొందరి కేమియు చెప్పరైరి. ఈ కడపటి వారి పిల్లలతో పోల్చగా, విచారింపబడిన పిల్లల మొరలు దాదాపు రెట్టింపయ్యెను. మనసు మరలిన పిల్లల మొరలు సగమునకు తగ్గెను. నొప్పిగల పిల్లల తల్లిదండ్రులు మనసు మరలించుటయే ఎక్కువ హానికరమని తలచిరి. ఆ పిల్లలో, దానివలననే తమకు హాయి కలిగెననిరి!

కావున మొదట వైద్యునికి జూపుడు. బరువు తగ్గుట, మలమున రక్తము, ఆకుపచ్చని వాంతి, విడువని జ్వరము, నిద్రనుండి లేపు నొప్పి యున్నచో ఆలస్యము తగదు. రోగము లేదని వైద్యుడు చెప్పిన పిమ్మట, "నీ నొప్పి నిజమే, తగ్గిపోవును" అని యొక్కమారు ధైర్యము చెప్పి, కథవైపో ఆటవైపో మరలింపుడు, బడికి పంపుడు. బడిలో భయకారణ మేదైన నున్నదేమో తీరికవేళ నెమ్మదిగా నడుగుడు.

పోషకులకు నా విన్నప మొక్కటి: విద్యార్థివసతిగృహములు నడుపువారికి ఈ విషయము బోధపరచు నేర్పాటు గావింపుడు. మన బిడ్డలు ఆరోగ్యవంతులై విద్యావంతు లగుదురు గాక!

స్వస్తి.